ముల్కీ నుంచి మస్కట్ దాకా

మనిషి తాను ఏ సమూహానికి చెందినవాడినని భావిస్తాడో, లోకం అతన్ని ఏ సమూహంలో లెక్కిస్తుందో తెలిపే గుర్తింపును కొన్ని దశాబ్దాలుగా తెలుగులో అస్తిత్వం అంటున్నారు. అది కులం కావచ్చు, మతం కావచ్చు, భాష కావచ్చు, ప్రాంతం కావచ్చు. ఈ అస్తిత్వం పుట్టుకతోనే సిద్ధించి తరతరాలుగా మారకుండా నిలుస్తుందన్న నమ్మకం బలంగా ఉన్నప్పటికీ, సామాజిక శాస్త్రాలు దానిని చాలాకాలం కిందటే ప్రశ్నించాయి. నార్వే మానవశాస్త్రవేత్త ఫ్రెడ్రిక్ బార్త్ 1969లో తన సంపాదకత్వంలో వెలువడిన ఒక వ్యాస సంపుటిలో, ఒక సమూహాన్ని నిలబెట్టేది దాని ఆచార వ్యవహారాలు కావనీ, ‘మనవాళ్లు’, ‘బయటివాళ్లు’ అంటూ అది గీసుకునే హద్దేననీ వాదించాడు. ఆ హద్దు ఎప్పుడు, ఎక్కడ పడుతుందని వెదికినవారికి తరచుగా ఎదురైనవి రెండు ప్రశ్నలు: ఉద్యోగం, నీరు, కూలి, ధర వంటివాటిని పంచే అధికారం ఎవరి చేతిలో ఉన్నది? ఆ పంపకంలో వాటా అడగడానికి ఏ పేరు పనికివస్తుంది? జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల పట్టణాల గత 90 ఏళ్ల చరిత్రను ఈ రెండు ప్రశ్నలతో చదివితే, అదే ప్రజలు ఒక్కో కాలంలో ఒక్కో పేరుతో ఎందుకు నిలబడ్డారో తేటతెల్లమవుతుంది.

1935లో సిరిసిల్లలో నిజాం రాష్ట్ర ఆంధ్ర మహాసభ నాలుగవ సమావేశం మాడపాటి హనుమంతరావు అధ్యక్షతన జరిగింది. సిరిసిల్లలో ‘ఆంధ్ర’ పేరిట సభ జరగడం నేటి పాఠకునికి కొంత విస్మయం కలిగించవచ్చు. అప్పటి హైదరాబాద్ సంస్థానంలో తెలుగు, మరాఠీ, కన్నడ మాట్లాడే మూడు ప్రాంతాలు ఉండగా, సంస్థాన ప్రజలలో తెలుగువారే అందరికంటే ఎక్కువ మంది అయినప్పటికీ, కచేరీలలోనూ ఉన్నత విద్యలోనూ ఉర్దూదే పెద్దపీట. 1918లో నెలకొన్న ఉస్మానియా విశ్వవిద్యాలయం ఉర్దూ మాధ్యమంలోనే బోధించింది. 1921లో హైదరాబాదులో జరిగిన ఒక సంఘ సంస్కరణ సభలో ఆలంపల్లి వెంకటరామారావు తెలుగులో మాట్లాడబోతే సభికులు గేలిచేయడం, ఆ అవమానం నుంచే ఆంధ్ర జనసంఘం పుట్టడం, 1930లో జోగిపేటలో సురవరం ప్రతాపరెడ్డి అధ్యక్షతన ఆంధ్ర మహాసభ తొలి సమావేశం జరగడం తెలంగాణ చరిత్ర చదివినవారికి తెలిసినవే. ఆనాటి హద్దు ఉర్దూ అధికారానికీ తెలుగు ప్రజకూ మధ్య ఉన్నది కాబట్టి, తెలుగు మాట్లాడే వారందరినీ కలుపుకోగల ఆ పేరే సిరిసిల్ల సభకు ఆత్మగౌరవ చిహ్నమైంది. 1969 నాటికి అదే పేరు తెలంగాణ అంతటా ఎదుటి పక్షానికి గుర్తుగా మారిపోయింది. ఈ మధ్యకాలంలో ప్రజల భాష మారలేదు, పండుగలూ మారలేదు. కొలువులు పంచే కచేరీ మారింది.

ఈ మార్పు వెనుక ముల్కీ నిబంధనల చరిత్ర ఉన్నది. ముల్కీ అంటే ఆ రాజ్యపు మనిషి, స్థానికుడు. ఉత్తరాది నుంచి వచ్చిన చదువరులు సంస్థాన కొలువులలో నిండిపోతున్నారన్న స్థానికుల ఫిర్యాదు ముదరడంతో, 1919లో మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ హయాంలో వెలువడిన ఫర్మానా స్థానికులకే సర్కారు ఉద్యోగమని నిర్దేశించి, బయటి నుంచి వచ్చినవారు స్థానికులుగా లెక్కకు రావాలంటే 15 ఏళ్ల నివాసం ఉండాలన్నది. ఈ నిబంధన ఎవరి మతమూ, ఎవరి భాషా అడగలేదు. అందువల్ల తెలుగు హిందువు, ఉర్దూ ముస్లిం, మరాఠీ బ్రాహ్మణుడు ఒకే గీతకు ఇవతలివారయ్యారు. 1948 సెప్టెంబరులో సంస్థానం భారత యూనియన్‌లో కలిసిన తరువాత మద్రాసు రాష్ట్రం తదితర ప్రాంతాల నుంచి ఇంగ్లీషు చదువుతో వచ్చిన ఉద్యోగులు కచేరీలలో చేరుతుంటే, ఉర్దూలో పట్టాలు పుచ్చుకున్న స్థానిక యువకులు రాత్రికి రాత్రే చదువురానివారితో సమానమైపోయారు. 1952లో ‘నాన్ ముల్కీ గో బ్యాక్’ అంటూ విద్యార్థులు వీధుల్లోకి రావడం, హైదరాబాదులో కాల్పులు జరగడం ఆ దెబ్బకు ప్రతిస్పందనే.

రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణ మీద ఏర్పడిన ఫజల్ అలీ కమిషన్ 1955లో ఇచ్చిన నివేదికలో తెలంగాణను ప్రస్తుతానికి హైదరాబాద్ రాష్ట్రంగా వేరుగా ఉంచి, 1961 ప్రాంతంలో జరిగే ఎన్నికల తరువాత శాసనసభలో మూడింట రెండు వంతుల మంది ఒప్పుకుంటే ఆంధ్రతో కలపవచ్చునని సూచించింది. ఆ సూచనను పక్కనపెట్టి, 1956 ఫిబ్రవరిలో పెద్దమనుషుల ఒప్పందం పేరిట ఉద్యోగాలకు, మిగులు నిధులకు, భూముల క్రయవిక్రయాలకు సంబంధించిన హామీలు రాసుకుని, నవంబరు 1న ఆంధ్రప్రదేశ్‌ను ఏర్పరిచారు. సరిగ్గా అదే 1956లో శ్రీలంక పార్లమెంటు సింహళాన్ని ఏకైక అధికార భాషగా చేసే చట్టాన్ని ఆమోదించగా, ప్రభుత్వ కొలువులపైనే ఆధారపడిన జాఫ్నా తమిళ మధ్యతరగతి ఒక్క చట్టంతో పరాయిదైపోయింది. 1970ల తొలినాళ్లలో విశ్వవిద్యాలయ ప్రవేశాలలో తమిళ విద్యార్థులకు ఎక్కువ మార్కులు కావాలన్న విధానం ఆ గాయాన్ని పుండు చేసింది. రెండు చోట్లా పరిణామాలు వేరు. శ్రీలంకలో అది అంతర్యుద్ధం దాకా పోయింది, తెలంగాణలో ఎన్నికలకూ చట్టసభలకూ లోబడి సాగింది. అయినా సర్కారు కొలువు తప్ప మధ్యతరగతికి వేరే ఆధారం లేని చోట, దానిని పంచే నియమమే జనాన్ని జాతులుగా విడదీస్తుందన్న సత్యం రెండింటిలోనూ కనిపిస్తుంది.

1969లో తెలంగాణ ఉద్యమం, 1971 లోక్‌సభ ఎన్నికలలో తెలంగాణ ప్రజా సమితి పది స్థానాలు గెలవడం, 1972 అక్టోబరులో ముల్కీ నిబంధనలు చెల్లుతాయని సుప్రీంకోర్టు తీర్పు రాగానే కోస్తాలో ఆంధ్రను వేరు చేయాలంటూ జై ఆంధ్ర ఉద్యమం చెలరేగడం, 1973లో ఆరు సూత్రాల పథకం ఇక్కడ విస్తరించి చెప్పవలసినంత అపరిచితమైనవి కావు. గమనించదగినది ఒకటే: ఒక ప్రాంతానికి రక్షణగా కనిపించిన నిబంధన రెండవ ప్రాంతానికి వెలివేతగా కనిపించి, అక్కడ కూడా అంతే బలమైన ప్రాంతీయ భావాన్ని పుట్టించింది. అమెరికన్ పరిశోధకుడు మైరన్ వీనర్ 1978లో ప్రచురించిన గ్రంథంలో భూమిపుత్రుల ఉద్యమాలను పరిశీలిస్తూ, అస్సాంతో పాటు హైదరాబాద్ ముల్కీ వివాదాన్ని కూడా ప్రత్యేకంగా చర్చించాడు.

జగిత్యాల, సిరిసిల్ల తాలూకాల పల్లెల్లో మాత్రం ఈ కొలువుల పంచాయితీ చాలామందికి దూరపు ముచ్చట. బడి ముఖం చూడని జీతగాడికి స్థానికతతో ఒరిగేదేమీ లేదు. అతని బతుకును శాసించేది ఊళ్లోని గడి, ఆ గడిలోని దొర. కులవృత్తులవారు తమ తమ పనులను దొర ఇంటికి కూలి లేకుండా చేసి పెట్టాలి. దానినే వెట్టి అన్నారు. ఊరి తగాదాలు దొర ముందే తీరాలి. తీర్పు చెప్పినందుకు దండుగ దొరకే చెల్లించాలి. సర్కారు బంజరు కూడా చాలా చోట్ల దొర పట్టులోనే ఉండేది. ఎమర్జెన్సీ ముగిసిన తరువాత, విప్లవ రాజకీయాల ప్రభావంలోని విద్యార్థి యువకుల చొరవతో రైతుకూలీ సంఘాలు ఊరూరా ఏర్పడి, కూలి పెంచాలనీ, వెట్టి మానాలనీ, వసూలు చేసిన దండుగలను తిరిగి ఇవ్వాలనీ, బంజరు భూములు పంచాలనీ అడిగాయి. మాట వినని దొరలకు చాకలి, మంగలి, జీతగాళ్లు పనులు బంద్ చేశారు. ఎన్నో తరాలుగా వెట్టికి సాధనంగా ఉపయోగపడిన కులవృత్తి ఈ సాంఘిక బహిష్కరణతో తొలిసారిగా పేదవాని చేతిలో ఆయుధమైంది. 1978 సెప్టెంబరు 7న చుట్టుపక్కల పల్లెల నుంచి వేలాదిగా తరలివచ్చిన కూలీలు, రైతులు జగిత్యాల పట్టణంలో జరిపిన ఊరేగింపు జగిత్యాల జైత్రయాత్రగా చరిత్రకెక్కింది. మరుసటి నెలలోనే ప్రభుత్వం జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించింది.

ఆ ఊరేగింపులో నడిచినవారు తెలంగాణవారిగా నడవలేదు, కూలీలుగా నడిచారు. వారి ఎదుట నిలిచిన దొర కూడా తెలంగాణవాడే, ముల్కీయే. తొమ్మిదేళ్ల కిందట ప్రాంతం పేరిట ఉప్పొంగిన నేల మీదే హద్దు ఊరి నడిమిలో, గడికీ గుడిసెకూ మధ్య పడింది. అస్తిత్వాన్ని కేవలం నాయకుల సృష్టిగా చూసేవారు ఈ ఘట్టాన్ని తప్పక పరిశీలించాలి. ఏ నాయకుడు పిలిచినా కూలీ రాడు. తన కడుపుకు సంబంధించిన లెక్క ఎక్కడ తేలుతుందో అక్కడికే వస్తాడు. పోరాటమూ నిర్బంధమూ ముదిరాక చాలామంది దొరలు గడీలు విడిచి పట్టణాలకు చేరగా, పోలీసు క్యాంపుల నడుమ సేద్యమూ సాగక, పనీ దొరకక ఎందరో యువకులు ఊళ్లు వదిలారు. వారికి తెరిచి ఉన్న దారులు రెండు: ఒకటి బొంబాయి దగ్గరి మరమగ్గాల పట్టణం భివండి, రెండవది గల్ఫ్.

భివండి దారి పాతది. బొంబాయి నిర్మాణంలో పనిచేసిన తెలుగు కూలీలను కామాఠీలనడం, వారు నివసించిన పేట కామాఠీపుర కావడం అందరూ ఎరిగినదే. కరీంనగర్ ప్రాంతపు పద్మశాలీలు చేమగ్గం గిట్టుబాటు కాక బొంబాయి, భివండి, షోలాపూర్, సూరత్ మిల్లులకూ మరమగ్గాలకూ తరలిపోయారు. 1966లో పుట్టిన శివసేన దక్షిణాదివారు మరాఠీల ఉద్యోగాలను కొల్లగొడుతున్నారని ప్రచారం చేసిన బొంబాయి వంటి నగరాలలో, సిరిసిల్ల నేతగాడికి ముల్కీ అన్న పేరు ఎందుకూ కొరగాదు. అక్కడ అద్దె గది చూపించేది, మగ్గం మీద పని ఇప్పించేది, ఆపదలో చందా పోగుచేసేది కులసంఘమే, పద్మశాలీలు మూలపురుషునిగా కొలిచే మార్కండేయుని మందిరమే. పద్మశాలి అన్న గుర్తింపు సొంతూరిలో కంటే పరాయి నగరంలో బిగువుగా ఎదగడానికి కారణం ఇదే. భివండిలో పని నేర్చి తిరిగివచ్చినవారూ, అక్కడి పాత మరమగ్గాలను కొని తెచ్చినవారూ సిరిసిల్ల పరిశ్రమను పెంచారు. స్థానికులు సాంచెలని పిలిచే ఈ మరమగ్గాల సంఖ్య 30 వేల దాకా చేరింది.

సిరిసిల్లలో ఒక సాంచె వెనుక ఎవరెవరు ఉన్నారో దగ్గరగా చూస్తే కులమూ వర్గమూ ఎట్లా పెనవేసుకున్నాయో అర్థమవుతుంది. నూలు కొని, బట్ట అమ్ముకునే పెట్టుబడిదారు యజమాని. ఆయన దగ్గర నూలు బీములు తీసుకుని, సొంత షెడ్డులోని సాంచెల మీద బట్ట నేయించి, మీటరు లెక్కన మజూరీ పుచ్చుకునేవాడు ఆసామి. ఆసామి దగ్గర పన్నెండు గంటల షిఫ్టులో ఆరో, ఎనిమిదో సాంచెల మధ్య తిరుగుతూ పోగు తెగినప్పుడల్లా అతుకుతూ, పిక్కుల లెక్కన, అంటే బట్టలో పడిన అడ్డపోగుల లెక్కన కూలి తీసుకునేవాడు కార్మికుడు. ఈ ముగ్గురూ చాలావరకు ఒకే కులం, ఒకే మార్కండేయ జయంతి. విద్యుత్ రాయితీ కావాలన్నా, ప్రభుత్వ ఆర్డరు కావాలన్నా ముగ్గురూ కలిసి నేత కులంగా కదులుతారు. పిక్కు మీద కొన్ని పైసలు పెంచమని కార్మికుడు అడిగిన నాడు మాత్రం ఆ కులం మూడు ముక్కలై, ఎర్రజెండా సంఘాల సమ్మె మొదలవుతుంది. కమ్యూనిస్టు నాయకుడు చెన్నమనేని రాజేశ్వరరావును సిరిసిల్ల పలుమార్లు శాసనసభకు పంపడానికి ఈ రెండవ అస్తిత్వం కూడా తోడ్పడింది. ఒకే మనిషి ఉదయం పద్మశాలిగానూ సాయంత్రం కార్మికుడిగానూ మాట్లాడడంలో వైరుధ్యమేమీ లేదు, ఎందుకంటే అతను మాట్లాడుతున్నది ఇద్దరు వేర్వేరు వ్యక్తులతో, రెండు వేర్వేరు లెక్కల గురించి.

1990ల చివరి నుంచి పాలిస్టర్ బట్టకు గిరాకీ పడిపోయి, అప్పులు మీదపడి సిరిసిల్ల నేతగాళ్లు వరుసగా ఆత్మహత్యలకు పాల్పడినప్పుడు, ఆ పట్టణం పేరు దేశమంతటా విషాదంతో వినిపించింది. ఉత్పత్తి ఖర్చు, సూరత్ పోటీ, వడ్డీ వ్యాపారం వంటి కారణాలు పలు ఉన్నప్పటికీ, వాటన్నింటినీ కలిపి ఒకే ప్రశ్నగా మార్చినది 2001లో పుట్టిన తెలంగాణ రాష్ట్ర సమితి. ఆ ఏడాది మే 17న కరీంనగర్‌లో జరిగిన సింహగర్జన సభ మొదలు, నేతగాని అప్పు, మెట్ట రైతు ఎండిన బోరు, గల్ఫ్ నుంచి శవపేటికలో వచ్చిన కొడుకు, 2002లో ప్రైవేటు భాగస్వామి చేతికిచ్చిన నిజాం షుగర్స్ ఫ్యాక్టరీలు, ఉద్యోగాలలో ఉల్లంఘనకు గురైన నిబంధనలు అన్నీ ఒకే అన్యాయానికి పలు రూపాలని ఉద్యమం వివరించింది. ఈ వివరణలో నిజముంది, అందుకే అది పల్లె పల్లెకూ చేరింది. 2006 డిసెంబరులో కరీంనగర్ లోక్‌సభ ఉపఎన్నికలో కె. చంద్రశేఖరరావుకు రెండు లక్షలకు పైగా ఆధిక్యం రావడం ఆ చేరికకు కొలమానం. అయితే ఈ వివరణ 1978 నాటి హద్దును చెరిపివేసి, దొరల వారసులనూ వెట్టి చేసినవారి వారసులనూ ఒకే జెండా కింద నిలబెట్టిందన్నది కూడా అంతే నిజం. దీనిని మోసమనడం సరికాదు. రాష్ట్రం సాధించడానికి అంత పెద్ద కూటమి అవసరమైంది. కానీ కూటమిలో ఎవరి లెక్క ముందు తేలుతుందన్న ప్రశ్న అప్పుడు వాయిదా పడింది.

2014 జూన్ 2న తెలంగాణ రాష్ట్రం ఏర్పడిన తరువాత ఆ ప్రశ్న తిరిగి వచ్చింది. బతుకమ్మ రాష్ట్ర పండుగ కావడంతో, 2017 నుంచి ఆడపడుచులకు ప్రభుత్వం పంచే చీరల ఆర్డరు సిరిసిల్లకు దక్కింది. మొదటి ఏడాది కొంత సరుకును సూరత్ నుంచి తెప్పించడంపై విమర్శలు రాగా, ఆపై సిరిసిల్ల సాంచెల మీదే ఏటా సుమారు కోటి చీరలు నేశారు. ఇంటింటి పండుగ రాష్ట్ర చిహ్నమై, ఆ చిహ్నం కార్మికునికి కొన్ని నెలల పనిగా మారడం అస్తిత్వం ఆర్థికంగా ఫలించిన అరుదైన సందర్భం. కానీ ప్రభుత్వమే ప్రధాన కొనుగోలుదారు అయిన పరిశ్రమకు ప్రభుత్వం మారితే దిక్కుండదు. 2023 డిసెంబరులో అధికారం మారాక బతుకమ్మ చీరల ఆర్డరు ఆగి సాంచెలు నిలిచాయి. తరువాత మహిళా సంఘాల సభ్యుల కోసం ఇందిరమ్మ చీరల ఆర్డరు వచ్చింది. ఇదే కాలంలో ఈ మూడు పట్టణాలలోనూ ఇంటి గడపల మీద బీడీలు చుట్టే వేలాది మంది ఆడవాళ్లు ముఖ్యంగా పింఛను ద్వారానే రాష్ట్ర సర్కారు లెక్కలోకి వచ్చారు. వెయ్యి బీడీల లెక్కన కూలి, తూకంలో తునికాకు తగ్గించి ఇచ్చే కమీషన్‌దారు, తరుగు పేరిట కోత: ఇంత స్పష్టమైన ఉమ్మడి బాధ ఉన్నా, దాని చుట్టూ పెద్ద రాజకీయ అస్తిత్వం ఏర్పడకపోవడానికి, వారు కార్ఖానాలో కాక ఎవరింట్లో వారు కూర్చుని పనిచేయడమే ముఖ్య కారణంగా కనిపిస్తుంది.

గల్ఫ్ దారి 1973 తరువాతి చమురు ధరల పెరుగుదలతో తెరుచుకుంది. జగిత్యాల, కోరుట్ల, మెట్‌పల్లి ప్రాంతాలలో దుబాయ్, మస్కట్, సౌదీలకు మనిషిని పంపని వాడలు తక్కువ. వీసా కోసం వడ్డీకి తెచ్చిన అప్పుతో విమానమెక్కినవాడు అక్కడ కఫీల్ అనే యజమాని పూచీ మీద మాత్రమే ఉండగలడు. ఆ యజమానిని విడిచిపెడితే చట్టవిరుద్ధ నివాసి అవుతాడు, ఇక్కడివారి నోట ‘ఖల్లివల్లి’ అవుతాడు. సౌదీ ప్రభుత్వం 2011లో ప్రవేశపెట్టిన నితాఖత్ విధానం, ప్రతి కంపెనీలోనూ స్వదేశీయుల వాటాను బట్టి కంపెనీలకు రంగుల తరగతులు కేటాయించి, వాటా తక్కువైతే విదేశీయుల వీసాలను నిలిపివేయగా, 2013లో ఎందరో భారతీయులు తిరిగి రావలసివచ్చింది. అంటే ముల్కీ నిబంధన ఎవరి తాతలను స్థానికులుగా లెక్కించిందో, వారి మనుమలను అటువంటి నిబంధనే సౌదీలో నాన్ ముల్కీలను చేసింది. ఈ సామ్యం స్థానికుల హక్కు తప్పని చెప్పదు. స్థానికుడెవరో తేల్చేది నెత్తురు కాదనీ, ఆ రోజున ఆ దేశం రాసుకున్న నియమమనీ చెబుతుంది.

ఎడారిలో కులం, ప్రాంతం వెనక్కుపోయి పాస్‌పోర్టు ముందుకు వస్తుంది. ఒకే పనికి భారతీయునికి ఒక జీతం, నేపాలీకి ఒకటి, ఫిలిప్పీన్స్‌వారికి ఇంకొకటి అన్న తేడా అక్కడ మామూలు. 2020 సెప్టెంబరులో కేంద్ర ప్రభుత్వం గల్ఫ్ దేశాలకు వెళ్లే కార్మికులకు నిర్దేశించే కనీస వేతనాలను 30 నుంచి 50 శాతం వరకు తగ్గించినప్పుడు, దానిపై తెలంగాణ హైకోర్టులో వ్యాజ్యం నడిచి, మరుసటి ఏడాది ఆ ఉత్తర్వులు ఉపసంహరణకు గురయ్యాయి. ప్రవాసుల కోసం 1996లోనే ప్రత్యేక శాఖ ఏర్పరచుకున్న కేరళతో పోలిస్తే తెలంగాణ చాలా ఆలస్యంగా మేల్కొన్నది. గల్ఫ్‌లో మరణించినవారి కుటుంబాలకు ఐదు లక్షల రూపాయల సాయానికి మార్గదర్శకాలు వెలువడినది 2024లో.

2019 లోక్‌సభ ఎన్నికలలో మరొక గీత పడింది. జగిత్యాల, కోరుట్ల శాసనసభ స్థానాలు నిజామాబాద్ లోక్‌సభ నియోజకవర్గంలో భాగం. పసుపుకు బోర్డు, పసుపుకూ ఎర్రజొన్నకూ గిట్టుబాటు ధర కావాలన్న డిమాండుతో 170 మందికి పైగా రైతులు నామినేషన్లు వేయగా, మొత్తం 185 మంది అభ్యర్థులతో ప్రతి పోలింగు కేంద్రంలోనూ ఓటింగు యంత్రాలను వరుసగా పేర్చవలసివచ్చింది. రాష్ట్రం తెచ్చిన పార్టీ అధినేత కుమార్తె, అప్పటి సిట్టింగ్ సభ్యురాలు కె. కవిత ఆ ఎన్నికలో ఓడిపోయారు. రాష్ట్రం వచ్చి ఐదేళ్లు నిండకముందే పసుపు రైతు ప్రాంతం పేరు పక్కనపెట్టి పంట పేరుతో నిలబడ్డాడు. ఉద్యమ కాలంలో తెలంగాణకు జరిగిన అన్యాయానికి సాక్ష్యంగా చూపిన మెట్‌పల్లి సమీపంలోని ముత్యంపేట చక్కెర ఫ్యాక్టరీ సొంత రాష్ట్రంలోనే, 2015 డిసెంబరులో మూతపడిందని గుర్తుచేసుకుంటే ఈ మార్పు ఆశ్చర్యం కలిగించదు. పసుపు బోర్డు 2025 జనవరిలో నిజామాబాద్ కేంద్రంగా ప్రారంభమైనా, పసుపు ఇంకా కేంద్రం మద్దతు ధర ప్రకటించే పంటల జాబితాలో లేదు.

కొత్త గీతలు పడుతూనే ఉన్నాయి. 2016 అక్టోబరులో పాత కరీంనగర్ జిల్లా విడిపోయి జగిత్యాల, రాజన్న సిరిసిల్ల వేర్వేరు జిల్లాలయ్యాయి. 2018 నాటి రాష్ట్రపతి ఉత్తర్వులు జగిత్యాలను బాసర జోన్‌లోనూ, సిరిసిల్లను రాజన్న జోన్‌లోనూ చేర్చి, 95 శాతం పోస్టులను స్థానికులకే కేటాయించాయి. 1978లో ఒకే ఉత్తర్వుతో కల్లోలిత ప్రాంతాలైన ఈ రెండు చోట్లలో, ఒకచోట చదివి స్థానికుడైన అభ్యర్థి రెండవచోట జోనల్ ఉద్యోగానికి ఇప్పుడు స్థానికేతరుడు.